గుంటలోంచి

జనవరిలో పోయాడు ఆర్డెల్ ఫ్రోసెత్.
నేల ఆరడుగుల లోతుదాకా గడ్డకట్టింది.
మైనాట్‌లో చలికాలం చచ్చిపోతే
మే నెలదాకా గొయ్యి దొరకదు.
నాలుగు నెలలు స్మశానం షెడ్డులో
సైడింగులో నిలబెట్టిన గూడ్సు పెట్టెలా
తన వంతు కోసం ఆగాడు.
వింటే నవ్వేవాడు, మెయిన్ లైను ఖాళీ లేదా అని.

మొదట ఆయన నాకు మనిషిగా తెలియదు.
పన్నెండేళ్ళు నాకు. గన్ క్లబ్బులో
సగం భూమిలోకి దిగిన సిమెంటు గుంటలో కూర్చుని
మట్టిబిళ్ళల్ని ఒక్కొక్కటే మరచేతి మీద పెట్టడం పని.
కాల్చేవాళ్ళు నా వెనక, నా నెత్తికి పైన.
నాకు కనిపించేది చీలికంత ఆకాశం,
అందులోకి దూసుకుపోయే నారింజరంగు బిళ్ళ.
ఒకళ్ళ దెబ్బకి రెండు ముక్కలయ్యేది,
ఒకళ్ళకి అంచు చిట్లేది,
ఒకళ్ళకి ఏమీ కాకుండా
తాపీగా పోయి గోధుమచేలో పడుకునేది.
ఒక్క గొంతు పిలిచినప్పుడు మాత్రం
ముక్కలుండేవి కావు.
పొగ.

ఆ పొగకి వెనక ఎవరున్నారోనని
ఆట అయ్యాక తల బయటపెట్టాను.
చారల ఓవరాల్స్, గొలుసు గడియారం,
ఎడమచేతికి నాలుగే వేళ్ళు.
ఐదోదాన్ని ఏదో కప్లింగు తినేసిందట.
"లోపల చలేస్తోందా?" అన్నాడు.
అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

పద్దెనిమిదేళ్ళకి యార్డులో ఆయన కిందే చేరాను.
పెట్టెపెట్టెకీ వంగడం, లాంతరు ఎత్తడం,
బ్రేకు గొట్టాలు తడమడం,
చక్రాన్ని సుత్తితో కొట్టి వినడం.
మంచిది గంటలా పలుకుతుంది,
బీటువారింది ఓటికుండలా.
ఈ పోలికలు నావి. ఆయన "విను" అనేవాడు, అంతే.

కుడిచెవిని తుపాకి, ఎడమచెవిని డీజిల్ ఇంజన్లు
అన్నదమ్ముల్లా పంచుకున్నాక
గ్లవ్ విప్పి, చక్రానికి అరచెయ్యి ఆన్చి
నన్ను కొట్టమనేవాడు.
మైనస్ ముప్పైలో ఇనుము చర్మాన్ని వదలదు.
తెలిసే ఆన్చేవాడు.

ఒక రాత్రి నూటపది పెట్టెల గోధుమరైలు.
యార్డుమాస్టరు గడియారం చూపించి తిడుతున్నాడు.
అరవయ్యొకటో పెట్టె కింద, వెంట్రుకంత గీత.
ఆర్డెల్ మాట్లాడకుండా బ్యాడ్ ఆర్డర్ చీటీ తగిలించాడు.
రెండు గంటలు ఆలస్యం. ఆయన మీద రిపోర్టు.
ఆ చక్రం దారిలో పగిలేదో, పగలకపోయేదో.
జరగని ప్రమాదానికి సాక్షులుండరు.

ఆ ఏడే రాష్ట్ర పోటీలు.
డెబ్బైమూడో బిళ్ళ మీద కాస్త దుమ్ము లేచింది.
స్కోరు రాసే పిల్ల తగిలినట్టే గీత పెట్టింది.
ఆయన తుపాకి దించి వెనక్కి తిరిగాడు:
"దుమ్మేనమ్మా, ముక్క రాలలేదు. లాస్ట్ అని రాయి."

మా ఆటలో అంతే.
తగిలితే ఎవరూ ఏమీ అనరు.
తప్పితేనే ఆ ఒక్కమాట, లాస్ట్,
మైదానమంతా వినబడేలా.

వందకి తొంభైతొమ్మిది. రెండో బహుమతి,
ఉప్పులో ఊరిన పందితొడ.
తిరుగుదారిలో అది నా ఒళ్ళో పెట్టి,
"బరువుగానే ఉంది" అన్నాడు.

నవంబరులో ఊరంతా జింకల వేటకి పోయినా
తను మాత్రం కదిలేవాడు కాదు. ఒకసారి అడిగాను.
"బిళ్ళ నేను పిలిస్తేనే వస్తుంది.
జింకని నేను పిలవలేదు."

మేలో మంచు కరిగింది.
క్లబ్బు వెనక చేలో, మొలకల మధ్య,
నలభై ఏళ్ళ నారింజరంగు పెంకులు పైకి తేలాయి.
ఆయనవి ఏవో వెతుకుదామని వంగి,
పొగకి పెంకులేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

చర్చి నేలమాళిగలో హ్యామ్ బన్నులు, పల్చటి కాఫీ,
ఆయన చెల్లెలు గెర్డా అందరికీ అదేపనిగా వడ్డిస్తోంది.
అంతకు ముందు, కొండమీద,
పట్టీల మీంచి పెట్టె మెల్లగా దిగుతున్నప్పుడు
పాస్టరు పుస్తకం మూశాడు.
ఎక్కడో కింద ఒక గూడ్సు వంపు తిరుగుతోంది.

చెవులు రిక్కించి నిలబడ్డాను,
ఎవరైనా ఆ మాట అరుస్తారేమోనని.

ఎవరూ ఏమీ అనలేదు.